తుడిచామనుకున్న తాళంచెవి

సంతకం పెట్టడానికి రెండు సెకన్లు చాలు. ఆ రెండు సెకన్ల పాపానికి అయెలెన్ ఫెర్రేయ్రా ఒక శుక్రవారం మధ్యాహ్నం నుంచి మర్నాడు తెల్లారేదాకా పడిన భయం పగవాడికి కూడా వద్దు.

కోర్దొబా నగరంలో, అల్బెర్ది పేటలో, ఒక సైకిళ్ల కొట్టు పై అంతస్తులో ఆమె పనిచేసే సహకార సంఘం ఉంది. ఏడుగురు సభ్యులు, ఏడు కుర్చీలు, పెత్తనం చేసేవాడు ఒక్కడూ లేడు. వాళ్ల పనంతా కంప్యూటరు గుండెకాయ మీద. కెర్నెల్ అంటారు దాన్ని. తెర మీద మనం చూసేవన్నీ దాని పంచన బతికేవే. లాయర్లకూ, పత్రికలవాళ్లకూ, పల్లె సంఘాలకూ వీళ్లు తమ చేత్తో సవరించిన కెర్నెల్ వేసి ఇస్తారు. అందులో డిస్కు మొత్తానికి తాళం ఉంటుంది. తాళంచెవి అంటే ఇనప ముక్క కాదు, పొడుగాటి అంకె. యంత్రం నడుస్తున్నంతసేపూ అది మెమరీలో ఉండాలి, మూత వేసిన మరుక్షణం ఆనవాలు లేకుండా పోవాలి. పోయిందా, ఆ డిస్కు వట్టి బండరాయి. పోలేదా, ఇక చెప్పేదేముంది!

అక్కడ జూలై అంటే చలికాలం. ఆ రోజు మధ్యాహ్నం కునుకు వేళ. మిగతావాళ్లు ఇళ్లకు పోయారు. అయెలెన్, ఫెర్మిన్ మాత్రం కిటికీలోంచి పడే ఎండలో కూర్చుని మాతే అనే ఆకు కషాయం తాగుతున్నారు. ఒకే సొరబుర్ర, ఒకే గొట్టం, నీ వంతూ నా వంతూ. ఫెర్మిన్‌కి యాభై ఏళ్లు. సంఘం పెట్టినవాడూ, అయెలెన్‌కి ఈ పని నేర్పినవాడూ అతనే. నోరు తెరిస్తే వేళాకోళం.

మెట్ల మీద దబదబా అడుగుల చప్పుడయింది. ఒలిందా బసాన్ అనే లాయరమ్మ తలుపు తోసుకొచ్చింది. ఒక కాలికే చెప్పు ఉంది, తెగిన రెండోది చేతిలో ఉంది.

"లాక్కుపోయారు. నా కంప్యూటరు లాక్కుపోయారు. ఆఫీసు గుమ్మంలోనే. నంబరు పలక లేని కారు, ఇద్దరు మనుషులు. ఒంటిగంటా పది అయుంటుంది. అప్పుడే మూత వేసి చంకలో పెట్టుకున్నా."

"పర్సు?" అన్నాడు ఫెర్మిన్.

"పర్సు ముట్టుకోలేదు. గొలుసు ముట్టుకోలేదు. ఒక్క మాట మాట్లాడలేదు. కంప్యూటరే కావాలి వాళ్లకి."

అయెలెన్ చేతిలో బుర్ర ఒక్కసారి బరువెక్కింది.

ఆ కంప్యూటర్లో ఏముందో వాళ్లిద్దరికీ తెలుసు. ఉత్తరాన చిట్టడవుల్లో మేకలు కాచుకునే పదకొండు మంది సాక్షుల పేర్లు, వాళ్ల ఇళ్లకు పోయే దారులు. ఒక భూముల కంపెనీ కిరాయి మనుషులు అక్కడ గుడిసెలు తగలబెట్టి నికనోర్ అనే మనిషిని చంపారు. చూసినవాళ్లు ఆ పదకొండు మంది. కోర్టు కాగితాల్లో వాళ్లకు పేర్లు లేవు, అంకెలే ఉన్నాయి. అసలు పేర్లున్నది ఆ ఒక్క కంప్యూటర్లోనే. వచ్చే బుధవారం విచారణ.

"ఎవులోహియా అయితే నా ప్రాణం తీసింది," లాయరమ్మ కుర్చీలో కూలబడింది. ఎవులోహియా అంటే ఆ పదకొండు మందిలో ఒకతె, నికనోర్ అక్క, అరవై దాటిన మనిషి. "చదువు రాదు కదా, వాంగ్మూలం మూడుసార్లు చదివించుకుని గానీ వేలిముద్ర వెయ్యలేదు. నా గొంతు పోయింది. అలాంటి మనిషి, నన్ను నమ్మి వేసింది. ఇప్పుడు చెప్పండి. వాళ్లు దాన్ని తెరవగలరా లేదా? తెరవగలరంటే ఇప్పుడే అందర్నీ ఇళ్లు వదిలి పొమ్మంటాను. కానీ ఊరికే పొమ్మంటే మందలు పోతాయి, మనుషులు చెల్లాచెదురవుతారు, బుధవారం కోర్టుకి ఒక్కడూ రాడు. అవునో కాదో, ఒక్క ముక్క చెప్పండి."

"లాయరమ్మా, ముందు ఊపిరి పీల్చుకోండి." ఫెర్మిన్ నవ్వాడు. "వాళ్లు దాన్ని తలకింద దిండుగా పెట్టుకోవచ్చు, అంతే. మీరు మూత వేశారు కదా? వేసిన క్షణంలోనే కెర్నెల్ తాళంచెవిని తుడిచేసింది. ఆ ముక్క రాసింది నేను. సరే, నా మాట నమ్మకండి, నేను వాగుడుకాయని. చదివి సంతకం పెట్టింది మన అయెలెన్. ఈవిడ చదివిందంటే చీమ కూడా తప్పించుకుపోదు. నాలుగేళ్ల కిందట నేను పెట్టిన కామా కోసం నాతో మూడు రోజులు మాట్లాడలేదు, తెలుసా?"

లాయరమ్మ అయెలెన్ వైపు తిరిగింది. "నువ్వు చదివావు కదమ్మా?"

అయెలెన్ తల ఊపింది.

ఎందుకు ఊపిందో దేవుడికే తెలియాలి. నోట్లోంచి మాట రాకపోతే తలకాయ ఊగుతుంది కొందరికి. ఆ ఊపును పట్టుకుని లాయరమ్మ అక్కడికక్కడే ఎవులోహియాకి ఫోన్ కొట్టి, "భయం లేదు, చదువుకున్న పిల్ల చూసింది, ఎక్కడివాళ్లు అక్కడే ఉండండి, మిగతావాళ్లకీ చెప్పు," అనేసింది.

అయెలెన్ వెనక గదిలోకి పోయి తలుపు వేసుకుంది.

ఆ సంఘంలో గుడీ దేవుడూ లేకపోయినా ఒక వ్రతం మాత్రం ఉంది. ఒకరు రాసింది ఇంకొకరు వరస వరస చదివి, "చదివాను" అని సంతకం పెట్టందే ఒక్క అక్షరం కెర్నెల్లోకి పోదు. రెండు సంతకాలు, తప్పదు. మార్చిలో ఫెర్మిన్ యాభయ్యో పుట్టినరోజుకి అందరూ నిప్పుల మీద మాంసం కాల్చుకుంటూ కూర్చున్నప్పుడు అతనే అడిగాడు. "ఒసేయ్, నాదొక చిన్న ముక్క నీ సంతకం కోసం పడుంది. సోమవారం లాయరమ్మ యంత్రంలో వెయ్యాలి." అయెలెన్ ఎడమచేత్తో రొట్టెలో పెట్టిన సాసేజీ పట్టుకుని, కుడిచేతి బొటనవేలికి అంటిన కొవ్వు తుడుచుకోకుండానే, ఫోన్లో సర్రున కిందికి జరిపి "చదివాను" మీద నొక్కేసింది. ఫెర్మిన్ రాసింది కదా! తనకు అక్షరాలు దిద్దించినవాడి రాతలో తను తప్పులు వెతకడమా? అంతే. ఒక్క వరస చదవలేదు.

ఇప్పుడు ఆ ముక్కని మొదటిసారి తెరిచింది.

మూత వేసేటప్పుడు జరగవలసిన పని అది. తాళంచెవి నకలొకటి తాత్కాలికంగా ఒక అరలో పెట్టుకోవాలి, దాంతో మిగిలిన రాతలు డిస్కు మీద పూర్తి చేయాలి, అసలు చెవిని తుడవాలి, చివరగా అరనీ తుడిచి బయటికి రావాలి. అసలు చెవిని తుడిచే వరస ఉంది. అరని తుడిచే వరసా ఉంది, ఆఖర్న. "అమ్మయ్య!" అని పైకే అనేసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

అంతలో చూసింది. అసలు చెవికి వాడింది గట్టి తుడుపు. అరకి వాడింది మామూలు తుడుపు.

మనం రాసింది రాసినట్టు యంత్రానికి పోదు. మధ్యలో కంపైలర్ అనే దుబాసీ ఉంటుంది. దానికి అతితెలివి ఎక్కువ, వృథా పనంటే గిట్టదు. మాతే తాగడం అయిపోయాక, ఇక ఈ బుర్రలో ఎవరూ తాగరని తెలిస్తే దాన్ని కడగదు. తడి ఆకు అందులోనే వదిలేసి పోతుంది. "ఈ అరని మళ్లీ ఎవరూ తెరవరు కదా, దీన్ని తుడవడం దేనికి?" అనుకుని తుడుపు వరసని మాట్లాడకుండా కొట్టేస్తుంది. గట్టి తుడుపుని మాత్రం ముట్టుకోదు. ఈ సంగతి తెలియని కెర్నెల్ మనిషి ఉండడు. ఇరవై రెండేళ్ల వయసులో అయెలెన్‌కి దీన్ని చెప్పింది ఫెర్మినే.

కంపైలర్ కొట్టేసిందో లేదో చూడాలంటే దారి ఒకటే ఉంది. లాయరమ్మ యంత్రంలో వేసిన అసలు సరుకునే విప్పి, యంత్రం భాషలో వరస వరస చదవాలి. అది పట్టుకుని కూర్చుంది. నాలుగూ పదికి ఆఖరి వరస దగ్గరికి వచ్చింది. పని అయింది, అసలు చెవి తుడుపు ఉంది, ఆ వెంటనే బయటికి దారి. అర తుడుపు లేదు. మళ్లీ మొదటి నుంచి చూసింది. లేదు. మూడోసారి చూసింది. లేదంటే లేదు.

లాయరమ్మ తాళంచెవి నకలు ఆ దొంగల చేతుల్లో, నిద్రపోతున్న ఆ యంత్రం కడుపులో, శుభ్రంగా కూర్చుని ఉంది.

నిద్రలో ఉన్న మెమరీని చదవడం అందరి వల్లా కాదు. కానీ బ్యాటరీ అడుగంటినప్పుడు యంత్రం తనంతట తానే ఒకసారి మేలుకుంటుంది. మెమరీలో ఉన్నదంతా డిస్కులో ఒక మూల దించుకుని అప్పుడు ఆరిపోతుంది. ఆ మూలకి తాళం లేదు. చెవి ఎలాగూ తుడిచేశాం కదా, ఇంకేం భయమని తామే అలా కట్టారు. అక్కడ దొరికితే సందు చివర రిపేరు కొట్టువాడు కూడా గంటలో తెరుస్తాడు. లాయరమ్మది పాత బ్యాటరీ, మూత వేసినా ఆరు గంటలకి మించి ఆగదు. ఒంటిగంటా పది నుంచి ఆరు గంటలు. ఏడు దాటితే ఇక ఏదీ తన చేతుల్లో ఉండదు.

మరి లేచి పరుగెత్తి చెప్పాలి కదా? చెప్పలేదు. కుర్చీకి అతుక్కుపోయి కూర్చుంది. వాళ్లు మామూలు దొంగలేమో, రేపు సంతలో అమ్ముకుంటారేమో, పర్సు చూసుకోలేదేమో. తను నోరు విప్పకపోతే ఎవరికీ తెలియదు. విప్పితే ఫెర్మిన్ మొహం ఎలా చూడాలి? సంఘంలో ఉంచుతారా? పదకొండు మంది ప్రాణాలు ఒకవైపు ఉంటే తన పరువుని ఇంకోవైపు పెట్టి తూచుకుంది ఈ తెలివైన పిల్ల. సిగ్గుచేటు! నలభై నిమిషాలు తూచింది. నాలుగూ యాభైకి గోడ మీద ఎండ ఎర్రబడింది. చలికాలం పొద్దు, ఇట్టే పడిపోతుంది. ఆ వెలుగు చూసి లేచింది.

బయట లాయరమ్మ రొట్టె కొరుకుతోంది. ఫెర్మిన్ ఆవిడ తెగిన చెప్పుకి తాడు కడుతున్నాడు.

"నేను చదవలేదు," అంది అయెలెన్.

"ఏం చదవలేదే? ఇవాళ్టి పేపరా?"

"నీ ముక్క. మార్చిలో. నీ పుట్టినరోజు నాడు. ఊరికే నొక్కేశాను. ఇప్పుడు చదివాను. అర తుడవడానికి మామూలు తుడుపు పెట్టావు. కంపైలర్ తినేసింది. సరుకులో లేదు. మూడుసార్లు చూశాను."

ఫెర్మిన్ చేతిలోంచి చెప్పు జారిపోయింది. "ఆ రోజు హడావుడిలో రాశాను," అన్నాడు మెల్లగా. "సరిచూసుకోలేదు. నువ్వు చదువుతావు కదా అని…"

"నువ్వు రాశావు కదా అని నేను…"

"మీ ఇద్దరి మొహాలూ మండా!" లాయరమ్మ లేచి నిలబడింది. "ఇద్దరూ ఒకరి మీద ఒకరు వాలిపోయి నిలబడ్డామనుకున్నారా? ఎంతసేపుంది?"

"ఏడింటిదాకా. మీ బ్యాటరీ పాతది…"

"కొత్తది వెయ్యమని మూడు నెలల నుంచి మొత్తుకుంటున్నానా లేదా!" అంటూనే ఫోన్ అందుకుంది.

అడవిలో ఫోన్ అందడమంటే అదృష్టం ఉండాలి. నీళ్ల ట్యాంకు దిబ్బ ఎక్కితేనే పలుకుతుంది. ఒకరి తర్వాత ఒకరు, పది మంది సరేనన్నారు. తిట్టిన వాళ్లున్నారు, ఏడ్చిన వాళ్లున్నారు, కానీ కదిలారు. ఎవులోహియా మాత్రం ఆరూ పది దాకా పలకలేదు. పలికాక కదలనంది.

"మద్దేనమేమో కూసోమంటివి, ఇప్పుడు పరుగెత్తమంటివి. నా మేకలకి ఏమని చెప్పేది? లాయరమ్మకి మతి పోయిందనా? ఆ సదువుకున్న పిల్ల సూసింది, భయం లేదని నువ్వే గదమ్మా చెప్తివి. నేను యాడికీ రాను."

లాయరమ్మ ఫోన్ తీసి అయెలెన్ చేతిలో పెట్టింది. "నువ్వే చెప్పు. నా మాట అయిపోయింది."

ఫోన్ చెవికి ఆనించుకుంటే అవతల మేకల గంటలు వినిపిస్తున్నాయి.

"అవ్వా, ఆ చదువుకున్న పిల్లని నేనే. అయెలెన్ నా పేరు. నేను చదవలేదు. చదివానని సంతకం పెట్టాను. నిన్ను కాపాడాల్సిన తాళంచెవి ఆ యంత్రంలో మిగిలిపోయింది. నా వల్ల. ఇంకో గంటలో వాళ్ల చేతికి నీ పేరు దొరుకుతుంది. నీ కాళ్లు పట్టుకుంటాను, లేచి వెళ్లిపో."

గంటలు ఆగకుండా మోగుతున్నాయి.

"సదవకుండా పెట్టినావా?"

"పెట్టాను అవ్వా."

"సదువొచ్చి కూడా?"

"వచ్చి కూడా అవ్వా."

"నా తమ్ముణ్ణి సంపినాక పెద్ద పెద్దోళ్లు వచ్చినారు," అంది ఎవులోహియా. "పొరపాటు జరిగింది తల్లీ అని కుర్చీలేసుకుని చెప్పినారు. అందరూ జరిగినాకే చెప్తారు. జరక్కముందే చెప్పినదానివి నువ్వొక్కదానివే. పోతాలే. మా వియ్యపురాలింటికి పోతా. ఏడవమాక, నాకు గంటలు ఇనపడ్డం లేదు."

ఏడున్నర అయింది, బయట కటిక చీకటి. ముగ్గురూ ఇంటికి పోలేదు, ఏమీ తినలేదు. ఫెర్మిన్ వేళాకోళం ఒక్కటి కూడా ఆడలేదు. మెట్ల మీద ఏ చప్పుడైనా అయెలెన్ ఉలిక్కిపడింది, కింద సైకిళ్ల కొట్టువాడు షట్టరు దించినా సరే.

మర్నాడు పొద్దున ఎనిమిదికి లాయరమ్మ ఫోన్ మోగింది. ఆవిడ విన్నది విన్నట్టు పైకి చెప్పింది. తెల్లవారుజామున రెండు బండ్లు వచ్చాయి. మూడు ఇళ్ల తలుపులు పగిలాయి. మూడోది ఎవులోహియాది, కాలి బూడిదయింది. ఆవిడ పెంచుకున్న ఒంటికన్ను కుక్కని తుపాకీతో కాల్చేశారు. మనుషులు పదకొండు మందీ క్షేమం.

"ఏ ఇల్లు తర్వాత ఏ ఇల్లు?" అని అడిగాడు ఫెర్మిన్.

చెప్పింది. ఆ మూడు ఇళ్లూ ఒకదానికొకటి దగ్గరేం కాదు, మధ్యలో దారి పక్కనే ఉన్న సాక్షుల ఇళ్లను దాటుకుంటూ పోయారు. కంప్యూటర్లో లాయరమ్మ రాసుకున్న వరస అది. మొదటి పేరు, రెండో పేరు, మూడో పేరు. అప్పటికి తెల్లారిపోయి వెనక్కి తిరిగారు. అంటే వాళ్లు దాన్ని తెరిచారు, పై నుంచి కిందికి చదువుకుంటూ పోయారు.

సోమవారం ఫెర్మిన్ అరకి గట్టి తుడుపు పెట్టి మళ్లీ రాశాడు. అలాంటి యంత్రాలు ఊళ్లో ఇంకో నలభై ఉన్నాయి, సాయంత్రానికి అన్నిట్లోకీ పోవాలి. అయెలెన్ సంతకానికి కూర్చుంది. అప్పుడే లాయరమ్మ ఫోన్ నుంచి ఎవులోహియా పిలిచింది. కోర్టు కోసం ఊళ్లోకి వచ్చేసిందట.

"ఏం చేస్తన్నావు పిల్లా?"

"ఆ తప్పు దిద్దుతున్నాం అవ్వా. ఆయన రాశాడు, నేను చదువుతున్నా."

"పైకి సదువు. నేనూ ఇంటా."

"నీకేం అర్థమవుతుంది అవ్వా, ఇది యంత్రాల భాష…"

"నాకు కోర్టు భాష మాత్రం అర్థమైందా యేంది? సదువు."

చదివింది. అర తెరువు, చెవి పెట్టు, రాత మొదలుపెట్టు, డిస్కు పలికిందా చూడు, పలక్కపోతే బయటికి పో, రాత పూర్తిచెయ్యి, చెవి తుడువు, అర తుడువు, బయటికి పో. ఫెర్మిన్ కుర్చీ దగ్గరికి లాక్కుని తనూ వింటున్నాడు. అయిపోయింది.

"ఇంకోసారి," అంది ఎవులోహియా.

ఇంకోసారి చదివింది. గొంతు ఎండిపోయింది. ఎక్కడా తప్పు లేదు. వేలు "చదివాను" మీదికి పోయింది.

"మూడోది?"

మూడోసారి మెల్లగా, చిన్నపిల్లకి చెప్పినట్టు చదివింది. అర తెరువు. చెవి పెట్టు. రాత మొదలుపెట్టు. డిస్కు పలికిందా చూడు. పలక్కపోతే బయటికి పో.

ఆగిపోయింది. పలక్కపోతే, బయటికి పో. తుడవకుండా! ఆ దారిలో తుడుపే లేదు. డిస్కు ఒక్కసారి మొరాయిస్తే చాలు, అర నిండా చెవితో యంత్రం నిద్రపోతుంది. ఫెర్మిన్ వైపు చూసింది. అతనూ చూశాడు, నెత్తి మీద రెండు చేతులూ పెట్టుకున్నాడు.

"ఏమైంది పిల్లా, ఆగినావు?"

"ఇంకోటి ఉంది అవ్వా."

"అందుకే మూడుసార్లు," అంది ఎవులోహియా. "దిద్దండి. నేను ఫోన్ పట్టుకునే ఉంటా. మళ్లీ మొదటి నించి సదవాల."